స్టాప్‌వాచ్‌కు అందని ఆటగాడు: వరంగల్ నుంచి మిడ్‌ఫీల్డర్ రావాలంటే

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో టీ20 విభాగం (మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులది) 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులోనే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. కూలి పని చేసుకునే ఇంటి నుంచి అక్కడిదాకా వెళ్లడానికి ఆమె పడ్డ కష్టం చిన్నది కాదు. అయితే ఆ దారి పొడవునా ఒక సాక్షి మాత్రం ఆమె పక్షానే నిలబడింది. అది స్టాప్‌వాచ్. కల్లెడ బడిలో పరిగెత్తినా, హైదరాబాద్ ట్రాక్ మీద పరిగెత్తినా సెకను సెకనే. ఎవరి పిల్ల, ఏ ఊరు అని గడియారం అడగదు. నిజామాబాద్‌లో పుట్టి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్‌ది కూడా తేటతెల్లమైన లెక్కే: రింగ్‌లో గెలిస్తే గెలిచినట్టే.

ఉత్తర తెలంగాణ నుంచి రన్నర్ వచ్చింది, బాక్సర్ వచ్చింది. ఫుట్‌బాల్‌లో కూడా ఒక పెద్ద పేరు వచ్చింది, ఆ సంగతి తర్వాత. కానీ ఫుట్‌బాల్ మైదానం మధ్యలో నిలబడి ఆటను నడిపించే మిడ్‌ఫీల్డర్ ఇక్కడి నుంచి వచ్చి పెద్ద లీగ్‌లో స్థిరపడటం ఇంత కష్టంగా ఎందుకుంది? పిల్లల్లో సత్తా లేక అనుకోవడం తేలిక. అసలు చిక్కు కొలతలో ఉంది. మిడ్‌ఫీల్డర్‌ను కొలిచే గడియారం లేదు, టేపు లేదు. అతన్ని పట్టుకోవాలంటే వరుసగా పది పదిహేను మ్యాచ్‌లు చూడాలి. అన్ని మ్యాచ్‌లు ఇక్కడ ఏ కుర్రాడికీ దొరకవు.

మిడ్‌ఫీల్డర్ పనిని కాస్త దగ్గర నుంచి చూద్దాం. డిఫెండర్ బంతిని అతని వైపు తన్నాడు. బంతి ఇంకా దారిలోనే ఉంది, కాలికి చేరడానికి ఒక సెకనో, సెకనున్నరో పడుతుంది. ఆలోపు అతను ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాడు, మళ్లీ కుడివైపు ఒకసారి. వెనక నుంచి వచ్చేవాడు ఎంత దూరంలో ఉన్నాడు, తమ వింగర్ లోపలికి వస్తున్నాడా, గీత పట్టుకునే పరిగెడుతున్నాడా, ఎటు ఖాళీ ఉంది, అంతా ఆ రెండు చూపుల్లోనే తేలిపోవాలి. బంతి వచ్చి తగిలేసరికి నడుము సగం తిరిగి ఉంటుంది. మొదటి టచ్‌తో బంతి ఖాళీలోకి జరుగుతుంది, రెండో టచ్ పాస్. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు కనబడేది ఆ పాస్ ఒక్కటే. ఆ పాస్‌ను తయారు చేసిన రెండు చూపులు ఎవరి కంటా పడవు. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ ఏళ్ల తరబడి ఈ చూపుల్నే లెక్కపెట్టాడు. బంతి రాకముందు ఎక్కువసార్లు తల తిప్పి చూసే మిడ్‌ఫీల్డర్ల పాస్‌లే ఎక్కువగా గురి తప్పకుండా వెళ్తున్నాయని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలు పరిశీలించి తేల్చాడు.

ఇప్పుడు హనుమకొండలోని ఏదో ఒక కాలేజీ గ్రౌండ్‌కు సాయంత్రం ఐదింటికి వెళ్లి చూడండి. ఒక పక్క క్రికెట్ నెట్స్, చుట్టూ వాకింగ్ చేసేవాళ్లు, నడుమ ఎక్కడో మిగిలిన జాగాలో ఓ ఇరవై మంది పిల్లలు బంతి తన్నుతుంటారు. నేల ఎండకు బిగిసి రాయిలా ఉంటుంది. నేల మీద దొర్లుతూ వచ్చే పాస్ చివరి రెండు గజాల్లో ఏ గులకరాయికో తగిలి మోకాలి ఎత్తు లేస్తుంది. అలాంటి నేల మీద పెరిగిన కుర్రాడు కన్ను బంతి మీంచి తీయడు. తీస్తే బంతి పోతుంది. అంటే మిడ్‌ఫీల్డర్‌కు ప్రాణమైన అలవాటు, బంతి వచ్చేలోపు తల ఎత్తి చూడటం, మన నేలే పిల్లలతో మాన్పిస్తోంది. ఇందులో కోచ్ తప్పూ లేదు, పిల్లాడి తప్పూ లేదు. అదే నేల మీద ఫార్వర్డ్‌కు పెద్ద నష్టం ఉండదు. బంతిని ముందుకు తోసి వేగంతో దాటిపోతాడు. గట్టి నేల వేగానికి సాయమే చేస్తుంది.

సెలక్షన్ విధానం కూడా వేగానికే ఓటు వేస్తుంది. హకీంపేటలోనూ, కరీంనగర్, ఆదిలాబాద్‌లలోనూ ఉన్న క్రీడా పాఠశాలల్లో నాలుగో తరగతి ప్రవేశానికి పెట్టే పరీక్షలు చూడండి: ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకే లాంగ్ జంప్, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్ విసరడం. తొమ్మిదేళ్ల పిల్లల్లో దేహదారుఢ్యం చూడటానికి ఇవి మంచి పరీక్షలే. ఊరూరి నుంచి వచ్చే వందల మందిని పక్షపాతం లేకుండా వడపోయడానికి ఇంతకన్నా సులువైన దారి కూడా లేదు. ఎంతోమంది పేద పిల్లలకు ఈ బడులు బతుకుదారి చూపించాయి. కానీ ఈ పరీక్షల్లో పన్నెండో స్థానంలో నిలిచే పిల్లాడు, వేగం ఓ మోస్తరుగా ఉండి, మైదానమంతా మనసులో గీసుకోగలిగే పిల్లాడు, ఏ గడిలోనూ కనబడడు. వాడి మార్కులు వేసే కాలమ్ ఆ కాగితం మీద లేదు.

ఈ మాటకు రుజువు కావాలంటే మణిపుర్ వైపు చూడాలి. థౌబాల్ జిల్లాకు చెందిన మిడ్‌ఫీల్డర్ జీక్సన్ సింగ్ 2001 జూన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే చండీగఢ్ అకాడమీకి వెళ్లి, ఆ తర్వాత మినర్వా అనే క్లబ్ జట్టులో చేరాడు. 2017 అండర్-17 ప్రపంచకప్ కోసం దేశమంతా గాలించి ఆటగాళ్లను ఎంపిక చేసినప్పుడు మొదట అతనికి చోటు దక్కలేదు. తర్వాత మినర్వా కుర్రాళ్లు ఆ భారత అండర్-17 జట్టుతోనే తలపడ్డారు. ఆ మ్యాచ్ చూశాక కోచ్ లూయిస్ నార్టన్ డి మాటోస్ మనసు మారింది. ట్రయల్స్‌లో కనబడనిది మ్యాచ్‌లో కనబడింది. 2017 అక్టోబర్ 9న ఢిల్లీలో కొలంబియా మీద 82వ నిమిషంలో కార్నర్‌ను తలతో గోల్‌లోకి పంపి, ఫిఫా ప్రపంచకప్‌లో గోల్ కొట్టిన మొదటి భారతీయుడు అయ్యాడు. మరుసటి నిమిషంలోనే కొలంబియా మళ్లీ గోల్ చేసి 2-1తో గెలిచింది. ఆ రోజుల్లో జీక్సన్ ఇంట్లో తండ్రి పక్షవాతంతో మంచాన పడ్డాడు, తల్లి కూరగాయలు అమ్మి ఇల్లు నడిపింది. ములుగులోనో మహబూబాబాద్‌లోనో ఇలాంటి ఇళ్లు ఎన్ని లేవు?

అదే ప్రపంచకప్ జట్టులో ఇంకో మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు. మిజోరం రాజధాని ఐజ్వాల్ కుర్రాడు లాలెంగ్‌మావియా రాల్తే, అందరూ అపుయా అని పిలుస్తారు. 2000 అక్టోబర్‌లో పుట్టాడు. గోల్ కొట్టి పేపర్లకెక్కలేదు గానీ, మిడ్‌ఫీల్డర్ తొలి అడుగులు ఎలా పడాలో చూపించడానికి అతని కెరీర్ కన్నా మంచి పాఠం భారత ఫుట్‌బాల్‌లో దొరకదు. అందుకే అక్కడ కాస్త ఆగి చూడాలి.

ప్రపంచకప్ అయిపోగానే ఆ కుర్రాళ్లలో చాలామందిని అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఇండియన్ ఆరోస్ అనే జట్టుగా కట్టి, దేశవ్యాప్త క్లబ్ పోటీ అయిన ఐ-లీగ్‌లో దింపింది. 17, 18 ఏళ్ల పిల్లలు విదేశీ ఆటగాళ్లున్న సీనియర్ క్లబ్‌ల మీద ఆడేవారు. ఓడిపోయినా ఆ జట్టు కింది డివిజన్‌కు పడిపోయే భయం లేదు. ఈ చివరి మాటే అసలు కీలకం. భయం ఉన్న జట్టు పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని మైదానం మధ్యలో పెట్టదు. అక్కడ బంతి పోగొట్టుకుంటే నేరుగా గోల్ పడుతుంది. వింగర్ గీత దగ్గర బంతి పోగొట్టుకుంటే ఒక త్రో-ఇన్‌తో పోతుంది. కాబట్టి తప్పులు చేసే స్వేచ్ఛ ఉన్న మ్యాచ్‌లు ఎవరికన్నా మిడ్‌ఫీల్డర్‌కే ఎక్కువ కావాలి. అపుయాకు, జీక్సన్‌కు, వాళ్ల సహచరుడు సురేశ్ సింగ్‌కు అవి సరిగ్గా కావలసిన వయసులో దొరికాయి.

2019లో అపుయా నార్త్ ఈస్ట్ యునైటెడ్‌లో చేరి ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) అడుగుపెట్టాడు. 2020–21 సీజన్ మొత్తం కరోనా వల్ల గోవాలో ప్రేక్షకులు లేకుండా జరిగింది. జట్టు తడబడుతున్న సమయంలో హెడ్ కోచ్‌ను తప్పించి ఖాలిద్ జమీల్‌కు పగ్గాలిచ్చారు. ఐజ్వాల్ ఎఫ్‌సీకి 2016–17 ఐ-లీగ్ ట్రోఫీ గెలిపించిన కోచ్ ఇతనే. మిజో కుర్రాళ్ల ఆట అతనికి కొత్త కాదు. ఆ సీజన్‌లోనే 20 ఏళ్ల అపుయా చేతికి కెప్టెన్ బ్యాండ్ వచ్చింది. ఐఎస్ఎల్‌లో అంత చిన్న వయసులో కెప్టెన్ అయినవారు అప్పటికి లేరు. జమీల్ వచ్చాక లీగ్ దశలో మరో మ్యాచ్ ఓడకుండా ఆ జట్టు సెమీఫైనల్‌కు చేరింది. సీజన్ చివర్లో అపుయాకు ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు దక్కింది. 2021 మార్చి 25న దుబాయ్‌లో ఒమన్‌తో 1-1గా ముగిసిన మ్యాచ్‌లో భారత సీనియర్ జట్టు తరఫున తొలిసారి ఆడాడు. అదే మ్యాచ్‌లో జీక్సన్ కూడా అరంగేట్రం చేశాడు.

ఆ తర్వాత ముంబై సిటీలో 2022–23 లీగ్ షీల్డ్ (లీగ్ దశలో అగ్రస్థానానికి ఇచ్చేది), 2023–24 కప్ (ఫైనల్ గెలిచినవారికి ఇచ్చేది). 2024లో మోహన్ బగాన్‌కు మారి మొదటి సీజన్‌లోనే షీల్డ్, కప్ రెండూ. 2025 ఏప్రిల్‌లో సాల్ట్ లేక్ స్టేడియంలో జంషెడ్‌పూర్ మీద సెమీఫైనల్ రెండో మ్యాచ్ అదనపు సమయానికి వెళ్తుందనుకుంటుండగా, ఇంజ్యూరీ టైమ్‌లో పెనాల్టీ బాక్స్ బయట నుంచి అతను కొట్టిన షాట్ నేరుగా వలలో పడింది. అందరికీ గుర్తున్నది ఆ షాట్. ఆ షాట్ కొట్టేనాటికి అతని కాళ్ల వెనక ఏడెనిమిదేళ్ల సీనియర్ మ్యాచ్‌లు ఉన్నాయి.

మిజోరం మొత్తం జనాభా 2011 లెక్కల ప్రకారం దాదాపు 11 లక్షలు. అదే లెక్కల్లో ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 35 లక్షలు. మూడు మిజోరంలంత జనం ఉన్న ఒక్క పాత జిల్లాలో అపుయా లాంటి కుర్రాడు పుట్టలేదని ఎలా అనగలం? తేడా ఏమిటంటే మిజోరంలో 2012 నుంచి సొంత ప్రీమియర్ లీగ్ నడుస్తోంది. ఐజ్వాల్‌లో పదహారేళ్ల కుర్రాడికి వచ్చే వారం మ్యాచ్ ఉందని తెలుసు, ఆ పై వారం కూడా ఉందని తెలుసు.

ఇక్కడ స్కూల్ పిల్లలకు ఉన్నవి ప్రధానంగా ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలు, బడి జట్ల ఫుట్‌బాల్ టోర్నీ సుబ్రతో కప్. మండల స్థాయి, జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి అంటూ పైకి సాగే మెట్లు. దాదాపు అన్నీ నాకౌట్. లెక్క వేసి చూస్తే నాకౌట్‌లో సగం జట్లకు ఒక్క మ్యాచ్‌తోనే ఆ ఏడాది ముగిసిపోతుంది. అదే ఎనిమిది జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడే లీగ్ పెడితే అట్టడుగున నిలిచిన జట్టుకు కూడా 14 మ్యాచ్‌లు వస్తాయి. నాకౌట్‌లో పీఈటీ సారు తప్పక తన జట్టులో బలమైనవాణ్ని, పొడుగువాణ్ని మధ్యలో పెడతాడు, బంతిని పైకి లేపి ముందుకు కొట్టమంటాడు. ఒక్క తప్పుకు టోర్నీ పోతుందన్న టెన్షన్‌లో ఎవరైనా అదే చేస్తారు. మిడ్‌ఫీల్డర్ తల మీంచి బంతి ఎగిరిపోతుంటే వాడు మెడ ఎత్తి ఆకాశం చూస్తుంటాడు.

నిజామాబాద్ జిల్లా లంబాడా కుటుంబంలో పుట్టిన గుగులోత్ సౌమ్య దారి ఇందుకు భిన్నంగా సాగింది. ఆమె సాధించింది ఎంత పెద్దదో మన దగ్గర ఇంకా సరిగా తెలియలేదనే అనిపిస్తుంది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాకు వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడింది. 2024–25లో ఈస్ట్ బెంగాల్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ముందు వరుసలో ఉంది, ఆ ఏడాది ఫెడరేషన్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. తండా నుంచి జాగ్రెబ్ దాకా. అయితే ఆమె మొదట పరుగుపందేల అమ్మాయి. ఆ వేగం చూసే ఫుట్‌బాల్ వైపు తిప్పారు. అంటే ఆమెకు కూడా తొలి తలుపు తీసింది స్టాప్‌వాచే. ఫార్వర్డ్‌గా, వింగర్‌గా ఆ వేగానికి పదును పెట్టుకుని అంత ఎత్తుకు వెళ్లింది. 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి మన మహిళల జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆ రెండు గోల్స్ కొట్టింది మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్. ఆమె పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి నుంచి వచ్చింది, కోల్‌కతా మైదానాలు అక్కడికి లోకల్ రైలు దూరం. ఒకే జట్టులో ఉన్న ఈ ఇద్దరి ఊళ్లు చూస్తే చాలు, వేగం ఎక్కడ దొరుకుతుందో, ఆట నడిపే తెలివి ఎక్కడ పెరుగుతుందో తెలుస్తుంది.

అసలు బాధ కలిగించేది ఇంకొకటి. ఈ విద్య తెలంగాణకు కొత్తది కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకాలు తెచ్చినవాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపినవాడు. ఆయన గొప్పతనం గెలిచిన కప్పుల కన్నా, హైదరాబాద్ పిల్లలకు పెట్టిన వింత టోర్నీల్లో ఎక్కువ కనబడుతుంది. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి వచ్చిందంటే వెంటనే పాస్ ఇవ్వాల్సిందే. ఇంకో టోర్నీలో బలహీనమైన కాలితోనే ఆడాలి, కుడికాలి వాటం వాడు ఎడమ కాలే వాడాలి. ఆలోచిస్తే ఇవి రెండూ మిడ్‌ఫీల్డర్లను తయారు చేసే యంత్రాలే. డ్రిబుల్ చేయకూడదన్నప్పుడు బంతి రాకముందే తల తిప్పి చూసుకోక తప్పదు. యోర్డెట్ వీడియోలు చూసి లెక్కపెట్టిన చూపుల్ని రహీం సాబ్ అంతకు యాభై ఏళ్ల ముందే నియమంగా పెట్టి పిల్లలకు అలవాటు చేశాడు. మెల్‌బోర్న్‌లో హాఫ్‌బ్యాక్‌గా, అంటే డిఫెన్స్‌కు ముందు మైదానం మధ్యలో ఆడిన నూర్ మహమ్మద్, తర్వాతి తరాల్లో కోల్‌కతా మూడు పెద్ద క్లబ్‌లకూ ఆడి దేశానికి కెప్టెన్ అయిన మిడ్‌ఫీల్డర్ విక్టర్ అమల్‌రాజ్, వీళ్లంతా ఆ నగరం ఇచ్చినవాళ్లే. రాష్ట్ర జట్ల జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీని 1956, 1957ల్లో హైదరాబాద్, 1965లో ఆంధ్రప్రదేశ్ గెలిచాయి. 2024 డిసెంబర్‌లో అదే ట్రోఫీ ఫైనల్ రౌండ్ హైదరాబాద్‌లో జరిగింది. బెంగాల్, కేరళ ఫైనల్ ఆడాయి, మనం ఆతిథ్యం ఇచ్చాం.

హైదరాబాద్‌కు అవతల కూడా ఆట ఉండేది. కాజీపేట రైల్వే కాలనీ, ఫాతిమానగర్ మిషన్ బడులు, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెం సింగరేణి గ్రౌండ్లు. రైల్వే, సింగరేణి లాంటి సంస్థల్లో డిపార్ట్‌మెంట్ జట్లు, ఏరియా జట్లు ఉన్నచోట పోటీ ఏటా తప్పకుండా జరుగుతుంది, ఉద్యోగుల పిల్లలు గీత బయట నిలబడి చూసి నేర్చుకుంటారు. ఆటకు ఒక క్యాలెండర్ ఉంటుంది. గ్రౌండ్లు ఇప్పటికీ ఉన్నాయి. హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియం 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలకు వేదికైంది, సింథటిక్ ట్రాక్ ఉంది. నగరంలో గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు వచ్చాయి, రాత్రిళ్లు లైట్ల కింద వాటిలో బాక్స్ క్రికెట్టే ఎక్కువ నడుస్తుంది. గచ్చు, గడ్డి, లైటు కొంతవరకు సమకూరాయి. క్యాలెండర్ మాత్రం రాలేదు.

ఇక వయసు సంగతి. మిడ్‌ఫీల్డర్ నిజంగా తయారయ్యేది 16 నుంచి 21 ఏళ్ల మధ్య. వేగం పద్నాలుగేళ్లకే బయటపడుతుంది, ఆట చదవడం మాత్రం మ్యాచ్‌లు పోగయ్యే కొద్దీ వస్తుంది. జీక్సన్, అపుయా ఆరోస్‌లో ఐ-లీగ్ ఆడిన వయసు మన దగ్గర ఇంటర్ వయసు. హనుమకొండ అంటేనే ఇంటర్ హాస్టళ్ల ఊరు. చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లలు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), నీట్ కోసం ఇక్కడికి వస్తారు. పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్. పదో తరగతి దాకా గ్రౌండ్‌లో ఆడినవాడి బూట్లు ఆ రెండేళ్లు ఇంట్లో అటక మీద ఉంటాయి. తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇంజినీరింగ్ సీటుకు ఒక దారి, ఒక ర్యాంకు, ఒక కౌన్సెలింగ్ తేదీ కళ్లముందున్నాయి. మిడ్‌ఫీల్డర్ అయ్యే దారికి తేదీలు లేవు. రెండేళ్ల తర్వాత డిగ్రీలో చేరి మళ్లీ గ్రౌండ్‌కు వచ్చినవాడు బాగానే పరిగెడతాడు, షాట్ కూడా బలంగానే కొడతాడు. కానీ బంతి వచ్చాక ఆలోచిస్తాడు. ఐజ్వాల్ కుర్రాడు అప్పటికే బంతి ఇచ్చేసి ఉంటాడు.

పై మెట్లు కూడా ఈ మధ్య కదిలిపోయాయి. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. ఆ ఫైనల్లో 88వ నిమిషంలో స్కోరు సమం చేసినవాడు సాహిల్ తవోరా, బెంచ్ మీంచి వచ్చిన మిడ్‌ఫీల్డర్. గాల్లోంచి దిగుతున్న బంతిని నేల తాకకముందే వాలీ కొట్టాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మూడేళ్లు తిరగకుండానే ఆ క్లబ్ డబ్బు కష్టాల్లో పడింది, 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఐఎస్ఎల్ కూడా 2025–26లో సమయానికి మొదలు కాలేదు. ఆరోస్ జట్టును 2022లోనే ఎత్తేశారు. తెలంగాణకు మిగిలిన పెద్ద ప్రొఫెషనల్ క్లబ్ శ్రీనిధి దక్కన్, 2022–23, 2023–24ల్లో ఐ-లీగ్ రన్నరప్. అపుయా ఎక్కిన నిచ్చెనలో ఒక మెట్టు తీసేశారు, మన రాష్ట్రం వరకు ఇంకో మెట్టు ఊడిపోయింది. ఇప్పటి కుర్రాడికి కింది మెట్లు మరింత గట్టిగా ఉండాల్సిన అవసరం అందుకే పెరిగింది.

ఇంత జరిగినా ఒక కుర్రాడు ఏ క్లబ్ యూత్ జట్టుకో ఎంపికయ్యాడనుకుందాం. ఇంట్లోవాళ్లకు తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఫిఫా నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాడితో మూడేళ్లకు మించి కాంట్రాక్ట్ రాయించుకోకూడదు. ఐదేళ్లు, పదేళ్లు అంటూ ఏజెంట్ కాగితం ముందు పెడితే సంతకం చేయకపోవడమే మంచిది. పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలి. బడిలో చేర్చేటప్పుడు ఉజ్జాయింపుగా వేసిన తేదీ, ఆధార్‌లో తేదీ వేరువేరుగా ఉండటం మన ఊళ్లలో మామూలే, కానీ వయసు విభాగం పోటీల్లో ఎముకల వయసు పరీక్ష కూడా ఉంటుంది. మొదటి రెండు సీజన్లు బెంచ్ మీద కూర్చోవలసి రావచ్చు. అలాంటప్పుడు పెద్ద క్లబ్‌లో ట్రాక్‌సూట్ వేసుకుని కూర్చోవడం కన్నా, చిన్న క్లబ్‌కు లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా వెళ్లి వారం వారం తొంభై నిమిషాలు ఆడటమే మిడ్‌ఫీల్డర్‌కు మేలు. ఊళ్లో నలుగురికీ చెప్పుకోవడానికి పెద్ద క్లబ్ పేరే బాగుంటుంది, అది నిజమే. కానీ ఆటగాడిగా అతని జీతం, పేరు తర్వాతి పదేళ్లలో ఎలా ఉంటాయన్నది ఆ తొంభై నిమిషాల మీదే నడుస్తుంది.

ఇక్కడి చిన్న క్లబ్‌లకు కూడా ఇందులో హక్కు ఉంది, చాలామంది దాన్ని వాడుకోవడం లేదు. ఒక ఆటగాడు కాంట్రాక్ట్ మధ్యలో డబ్బుకు ఒక దేశం క్లబ్ నుంచి మరో దేశం క్లబ్‌కు మారితే, ఆ మొత్తంలో 5 శాతాన్ని అతన్ని 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా తయారు చేసిన క్లబ్‌లకు పంచాలని ఫిఫా నియమం. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఒక్కో ఏడాదికి 0.25 శాతం, ఆ తర్వాత ఒక్కో ఏడాదికి 0.5 శాతం. కాజీపేటలో పొద్దున్నే లేచి జీతం లేకుండా పిల్లలతో బంతి తన్నించే కోచ్‌కు ఇది కలలా అనిపించవచ్చు. కానీ ఆ పిల్లాడి పేరు ఆ ఏడాది ఆ క్లబ్ కింద ఫెడరేషన్ రిజిస్ట్రేషన్‌లో లేకపోతే, రేపు వాడు ఎంత పెద్దవాడైనా ఆ క్లబ్‌కు రూపాయి రాదు. రిజిస్ట్రేషన్‌కు పట్టేది కొద్ది గంటల పని.

లీగ్ పెట్టడానికి స్టేడియం కట్టక్కర్లేదు. హనుమకొండ, కాజీపేట, వరంగల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట, ఎనిమిది ఊళ్లు, ఎనిమిది అండర్-17 జట్లు. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారాలు. ఎండాకాలం ఎలాగూ కుదరదు, మేలో 42 డిగ్రీలు దాటే ఎండలో వేసవి శిబిరాలకే పొద్దున ఎనిమిది దాటితే పిల్లలు ఆగలేరు. ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. అందులో రెండు రౌండ్లు రహీం సాబ్ నియమాలతో ఆడించవచ్చు, ఒకటి డ్రిబ్లింగ్ లేకుండా, ఒకటి రెండో కాలితో. నేల ఎలాగూ గతుకులే కాబట్టి టర్ఫ్ యజమానులతో మాట్లాడి వారానికి ఒక పొద్దుటి గంట ప్రాక్టీస్‌కు అడగవచ్చు, పొద్దున పూట అవి ఖాళీగానే ఉంటాయి. ఇంటర్ హాస్టళ్లు ఆదివారం మూడు గంటలు వదిలితే చాలు.

గీత బయట కూర్చునే కోచ్ చేతిలో స్టాప్‌వాచ్‌కు బదులు ఒక నోటు పుస్తకం కావాలి. బంతి వచ్చేలోపు ఏ పిల్లాడు ఎన్నిసార్లు భుజం మీదుగా చూశాడో గీతలు గీసుకోవాలి. నాలుగు ఆదివారాలు గీస్తే ఒక పేరు ముందు గీతలు మిగతావాళ్ల కన్నా రెట్టింపు ఉంటాయి. ఇవాళ హనుమకొండలో ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్లాడికి ఇంటర్ రావడానికి ఇంకా రెండు సీజన్ల పైచిలుకే ఉంది.